రెస్క్యూ ట్రక్‌లో ఖాళీ అర

లోపలికి వస్తూనే లెన్నా క్రౌస్ నడుముకున్న పేజర్ తీసి బల్ల మీద పెట్టింది.

"రేపు సాయంత్రం దీన్ని లాక్కుంటారండీ. దళమంతా చేతులెత్తి ఓటేసి మరీ! నేను దొంగనట."

ప్రైవేట్ డిటెక్టివ్ ఆగస్టా బ్రెన్‌మన్ ఆమెను కూర్చోమంది. సహాయకుడు ఎల్‌వుడ్, ఒకప్పటి లెక్కల మాస్టారు, నోట్‌బుక్ తెరిచాడు.

లెన్నా స్కూల్ బస్సు నడుపుతుంది. రెండేళ్ళుగా కార్విన్‌ఫోర్డ్ స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో ఉంది. ఆ దళంలో ఎవరికీ జీతం లేదు. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి పరిగెత్తాల్సిందే. తొమ్మిది రోజుల కిందటి గురువారం బేకరీ గెయిల్ వ్యాన్ చెట్టుకు గుద్దుకుంది. కాలు ఇనుములో ఇరుక్కుపోయింది. రెస్క్యూ ట్రక్ వెళ్ళింది, మనుషులూ వెళ్ళారు. తీరా అర తలుపు తీస్తే ఇనుము కోసే కట్టర్ లేదు! పక్క ఊరి ట్రక్ వచ్చేసరికి యాభై నిమిషాలైంది. గెయిల్ కాలు మోకాలి దగ్గర తీసేశారు.

"బుధవారం స్టేషన్లో ఒంటరిగా నేల కడిగింది నేనే. ఇంకేం, నా మెడకు చుట్టారు."

"సోమవారం సోమవారం సామాను తనిఖీ ఉంటుందిగా. అప్పుడు కట్టర్ ఉందా?"

లెన్నా తల దించుకుంది. "ఉన్నట్టు కాగితం మీద గుర్తు పెట్టి ఉందండి."

ఆగస్టా ఆ జవాబు మీద మరో ప్రశ్న వేయలేదు.

మర్నాడు ఉదయం స్టేషన్లో ట్రక్ డ్రైవర్ మెర్విన్ ఎదురయ్యాడు. గెయిల్ అతని అక్క. కోపంతో ఊగిపోతున్నాడు.

"దొంగను వెనకేసుకురావడానికి డిటెక్టివులా! మా అక్క ఎలా అరిచిందో తెలుసా మీకు?"

"అది తెలుసుకోవడానికే వచ్చాను. అర తెరువు బాబూ."

కట్టర్ కూర్చునే చోట లోతైన గుంట ఉంది. ఆగస్టా అందులోకి టార్చి వేసి చూసింది. అడుగున కాగితం చుట్టిన మిఠాయి బిళ్ళ ఒకటి గుండ్రంగా, నలగకుండా పడి ఉంది. ఎల్‌వుడ్ తీయబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"కట్టర్ బరువెంత?"

"పాతిక కిలోల దాకా ఉంటుంది," అన్నాడు మెర్విన్.

"ఈ బిళ్ళలు ఎక్కడివి?"

"ఊరేగింపువి. ప్రమాదానికి ముందు శనివారం. ట్రక్ మీంచి పిల్లలకి విసురుతాం. విసురుతాం అంటే మా దళం చీఫే విసురుతాడు లెండి. ఇరవై రెండేళ్ళుగా ఆ పెట్టె మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. నింపేదీ ఆయనే, దించేదీ ఆయనే."

ఈ ఊళ్ళో మిఠాయిలకున్న క్రమశిక్షణ కట్టర్‌కి లేకపోయింది, ఏం చెప్పమంటారు!

అంతలో చీఫ్ హార్లన్ వైట్‌కాంబ్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, భార్య చిన్న కారులోంచి ఒళ్ళంతా ముడుచుకుని దిగాడు.

"రోజూ పికప్ ట్రక్‌లో తిరుగుతారట, అదేమైంది చీఫ్?" అంది ఆగస్టా.

"కొట్టంలో ఉంది. బాగాలేదు."

"ప్రమాదం రోజున?"

"అప్పుడు బాగానే ఉంది. ఇంటి నుంచి దాన్లోనే నేరుగా అక్కడికి వెళ్ళా," అని అతను చకచకా లోపలికి వెళ్ళిపోయాడు.

"మీ కళ్ళకు ఏదో దొరికిందండీ. నాకు మాత్రం మిఠాయే దొరికింది," అన్నాడు ఎల్‌వుడ్ ఆరాధనగా.

"నాకూ అదే దొరికింది మాస్టారూ."

సాయంత్రం దళమంతా ట్రక్ ముందు కుర్చీలేసుకుని కూర్చుంది. గెయిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆగస్టా బిళ్ళను అందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఇది కట్టర్ కూర్చునే గుంట అడుగున దొరికింది. ఊరేగింపు రోజున పడింది. ఆ తరువాత కట్టర్ ఒక్కసారి దీని మీద కూర్చున్నా పిండైపోయేది. అంటే శనివారం తీసిన కట్టర్ మళ్ళీ లోపలికి రాలేదు. లేని వస్తువును బుధవారం ఎవరు దొంగిలిస్తారు?"

ఆగస్టా చీఫ్ వైపు తిరిగింది.

"మిఠాయి పెట్టెకు చోటు కావాలని కట్టర్‌ను బయటికి తీశారు. ఆ పెట్టెను ముట్టుకునేది ఒక్కరే. చీఫ్, మీ పికప్ తెప్పించండి. వెనక తొట్టి తెరిచి చూద్దాం."

హార్లన్ కుర్చీలోనే కుంగిపోయాడు. "వద్దు. అందులోనే ఉంది. తీసి పికప్‌లో టార్పాలిన్ కింద పడేశా, మళ్ళీ పెడదామనుకుని మరిచిపోయా. ప్రమాదం రోజు రాత్రి ఇంటికెళ్ళి చూశా. అప్పటికే దొంగతనమని నేనే అరిచేశాను. ఇంక నోరు రాలేదు."

మెర్విన్ లేచాడు. "అంటే... నీ పికప్‌ని అక్క వ్యాన్ వెనకే ఆపావు కదా!"

"పది అడుగులు," అన్నాడు హార్లన్, మొహం చేతుల్లో దాచుకుని.

గెయిల్ నెమ్మదిగా అంది. "నా చెయ్యి పట్టుకుని కట్టర్ వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అన్నావు హార్లన్."

"ఒట్టు, అప్పుడు నాకు గుర్తు లేదు గెయిల్."

"అప్పుడు లేదు. ఈ పది రోజులూ ఉందిగా. ఆ పిల్ల మొహాన అందరూ ఉమ్మేస్తుంటే చూస్తూ కూర్చున్నావు. సిగ్గు లేదూ?"

"ఉంది. అందుకే చెప్పలేకపోయా."

ఒకరొకరుగా అందరూ లెన్నా వైపు తిరిగారు. ఆమె పరువు ఆమెకు తిరిగొచ్చేసింది. పేజర్ పట్టుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ లెన్నా వెళ్ళలేదు. గోడకున్న తనిఖీ కాగితం ఊడదీసి గెయిల్ ఒళ్ళో పెట్టింది.

"సోమవారం కట్టర్ ఉందని గుర్తు పెట్టింది నేనే. తలుపు తియ్యలేదు. మెర్విన్ సంతకం అప్పటికే ఉంది, అతను చూశాడులే అనుకున్నా. తీసి ఉంటే ఆ రోజే దొరికేది, మీ కాలు..."

మెర్విన్ అక్క మొహం చూడలేకపోయాడు. "నేనూ తియ్యలేదే. ఎలాగూ లెన్నా చూస్తుందిలే అనుకున్నా."

గెయిల్ రెండు సంతకాల మీదా వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఎల్‌వుడ్ రాయడం మానేశాడు. ఆగస్టా నిన్నటి నుంచీ ఈ తనిఖీ మాట తన నోటితో చెప్పాల్సి వస్తుందేమోనని బెంగపడుతూనే ఉంది.

"రేపు సోమవారం," అంది గెయిల్ లెన్నాతో. "అరల తలుపులు తీస్తావా?"

"తీస్తాను."

"ప్రతి ఒక్కటీ?"

"ప్రతి ఒక్కటీ."

గెయిల్ కాగితం మడిచి తన దగ్గరే పెట్టుకుంది. "అయితే పేజర్ ఉంచుకో. నేను వచ్చి పక్కనే కూర్చుంటా."