చనిపోయిన మనిషి నంబరు

సువా రేవులో అక్కడి ఉద్యోగి ఐసికేలి శవం తేలిన పూటే గూఢచారిణి మెరియోనికి పిలుపు వచ్చింది.

"ప్రమాదం కాదు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ వాకా, కిటికీ తెర దించుతూ. "మెడ మీద సూది గుర్తుంది. సాయంత్రం ఆయిల్ ట్యాంకర్ వస్తోంది. పగడపు దిబ్బల మధ్య దాన్ని నడిపించే రూట్ ఫైలు ఐసికేలిది. ఆ ఫైలును మార్చగలిగింది వాడొక్కడే."

"వాడి అకౌంటు?"

"పొద్దున్నే తీసేశానంది సెలీన్. అయినా నువ్వోసారి చూడు."

సెలీన్ మిత్రదేశం పంపిన సెక్యూరిటీ నిపుణురాలు. ఆమె నవ్వితే రేవు ఆఫీసులో సగం మంది పని మర్చిపోయేవారు. అకౌంట్లు తెరవడం, మూయడం ఆమె పనే.

సాయంత్రానికి మెరియోని ప్రింటర్ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూంలోకి వెళ్లింది. బయట వాన దంచుతోంది. విండోస్ కంప్యూటర్లలో ఐసికేలి పేరు ఎక్కడా లేదు. కానీ రూట్ ఫైలు ఉన్నది లినక్స్ సర్వర్‌లో. ఫైలు ఎవరిదో అది పేరుతో కాదు, నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. మనిషిని తీసేసినా నంబరు ఫైలును వదలదు. ఆ నంబరునే ఇంకొకరికిస్తే చచ్చినవాడి ఫైళ్లన్నీ వాళ్లవైపోతాయి.

యజమాని పేరున్నచోట ఎవరో కొత్త మనిషి కనిపించాడు. ఆ పొద్దున్నే తెరిచిన అకౌంటు. దానికిచ్చింది ఐసికేలి నంబరే. మెరియోని జడపిన్నులో దాచిన పెన్‌డ్రైవ్ తీసి సర్వర్‌కు తగిలించింది. వాకా ఇచ్చిన, సర్వర్ మీద పూర్తి అధికారముండే డిజిటల్ తాళం అందులో ఉంది. నాలుగు అక్షరాలు కొట్టిందో లేదో, వెనక అడుగుల చప్పుడు.

"అది ప్రింటర్ కాదే," అంది సెలీన్. పట్టు స్కార్ఫ్ కింద పిస్టల్.

"ఐసికేలి నిన్ను నమ్మాడు."

"నమ్మబట్టే నా కారెక్కాడు. పక్కకు జరుగు."

మెరియోని జరిగింది. సెలీన్ ఒంటిచేత్తో ఫైలు తెరిచి, చివరి నిమిషం కోసం సిద్ధంగా ఉంచుకున్న కొత్త దారి అందులో పెట్టింది. అది సూటిగా దిబ్బ మీదికే. తెర మీద ట్యాంకర్ చుక్క అప్పటికే మలుపు తిరుగుతోంది. అది పగిలితే ఆ తీరంలో చేప బతకదు, చేపను నమ్ముకున్న ఊరు బతకదు.

సెలీన్ సేవ్ నొక్కింది.

అనుమతి లేదు, అంది తెర. మళ్లీ నొక్కింది. అదే జవాబు.

"ఆ ఫైలిప్పుడు నా పేరు మీదుంది," అంది మెరియోని.

సెలీన్ చూపు తెర మీదే ఉండిపోయింది. మెరియోనికి అంతే చాలు. ఆమె తన్నిన కుర్చీ సెలీన్ మోకాళ్లకు తగిలింది. పిస్టల్ జారి సర్వర్ల కిందికి పోయింది. అవతల ట్యాంకర్ దిబ్బను ఒరుసుకుంటున్నంత దగ్గరగా దాటి, రేవులోకి వచ్చింది.

సెలీన్‌ను జీపెక్కించాక వాకా అడిగాడు. "దాని అకౌంటు కూడా తీసేశావా?"

"తీసేశాను సార్. ఈసారి ఫైళ్లు లాక్కున్నాకే మనిషిని తీసేశాను."