సీళ్ల గుహలో గొంతు

ఫిలిన్న ఆ రాత్రి వెనక్కి తిరిగి చూడలేదు. జరిగిన తప్పు అదే.

చూడకపోవడమే పద్ధతి మరి. నక్సోస్ దీవిలో సీళ్ల గుహ పక్కనుంచి చీకటిపడ్డాక పోవాల్సి వస్తే, ఓ బార్లీ రొట్టె నీళ్లలోకి విసిరి, తల తిప్పకుండా నడిచెయ్యాలి. ఆ గుహలో సముద్రపు ముసలాయన ఉంటాడు. మేకల్ని కాసినట్టు సీళ్లను, ఆ మీసాల సముద్రజంతువుల్ని, కాస్తాడు. నీరవుతాడు, పామవుతాడు, చెట్టవుతాడు... మునిగి చచ్చినవాళ్ల గొంతులు తొడుక్కుని, వాళ్ల అయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తాడు. పలికినవాళ్లు ఇల్లు చేరలేదని చెప్పుకుంటారు.

ఆ ఏడు ద్రాక్షకోతలప్పుడు ఫిలిన్న తమ్ముడు సోసిస్ పడవ గాలివానకు పోయింది. ఐదోరోజు చెక్కలు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. శవం లేకుండానే గొయ్యి తవ్వి, వాడి పేరు మూడుసార్లు పిలిచి పూడ్చేశారు. చావు మైలకు గుర్తుగా ఫిలిన్న జుట్టు కత్తిరించుకుంది.

పదోరోజు— పైఊళ్లో ద్రాక్షలు తొక్కే పని ముగించుకుని, ఫిలిన్న, పొరుగింటి బిట్టో పిన్ని కొండ దిగుతున్నారు. చంద్రుడు లేడు.

“నోరు మూసుకుని నడువు పిల్లా,” అంది బిట్టో. ఇందాకట్నుంచీ తనే వాగుతోంది.

గుహ దగ్గరపడింది. లోపల సీళ్లు మూలుగుతున్నాయి... ఆగాయి...

“అక్కా...”

ఫిలిన్న కాళ్లు నిలిచిపోయాయి.

“ఫిలిన్నక్కా... నీళ్లు...”

సోసిస్ గొంతే. జలుబు చేసినప్పటి గొంతు.

“పిన్నీ... విన్నావా?”

“నేను విన్నాను. నువ్వు వినలేదు.” బిట్టో ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “వాణ్ణి పూడ్చింది మనమే కదే! పలికావంటే రేపు నీ పిల్లలకు తల్లి ఉండదు. విసురు!”

‘ఎవరది?’ అంటే చాలు... ఒక్క మాట. ఫిలిన్న నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసుకుంది. ముఖం కొండవైపు తిప్పుకుని, ఒడిలోని రొట్టె భుజం మీదుగా విసిరింది. బుడుంగుమంది.

“అక్కా... వెళ్లిపోకే...”

ఇద్దరూ పరుగందుకున్నారు.

తెల్లారి వలలు తియ్యడానికి వెళ్లినవాళ్లు ఓ మనిషిని మోసుకొచ్చారు. సోసిస్! ఒళ్లు వేడిగా కాలిపోతున్న, బతికున్న సోసిస్. పడవ పగిలాక ఓ రాతిదిబ్బ మీద నత్తలు తిని, వాననీళ్లు తాగి బతికాడట. చివరికి చెక్క పట్టుకుని ఈదుతూ, నిన్న పొద్దుగూకే వేళ గుహలో వచ్చి పడ్డాడు. రాళ్లమధ్య కాలు విరిగింది. రాత్రంతా నడుంలోతు నీళ్లలోనే...

“రాత్రే కట్టు కట్టి ఉంటే కాలు సరిగ్గా అతికేది,” అన్నాడు ఎముకలు సరిచేసే ఆయన.

“అటు ఎవరూ రాలేదా?” అని అడిగారంతా.

సోసిస్ అక్కవంక చూశాడు. “లేదు,” అన్నాడు.

బిట్టో ఊపిరి పీల్చుకుంది. ఫిలిన్న తలెత్తలేకపోయింది.

కర్మ జరిగినవాడు బతికొస్తే మళ్లీ పుట్టాలి. అంతవరకూ ఎవరూ గడప తొక్కనివ్వరు. గడ్డం మనిషికి పసివాడిలా నీళ్లు పోశారు. ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. “ముక్కు తల్లి పోలికే!” “ఏడవడేం వీడు? గిల్లండే!” పొత్తిగుడ్డలు చుట్టడం అక్క వంతు. ఆమె వంగినప్పుడు వాడు మెల్లగా అన్నాడు—

“రొట్టె దూరంగా పడిందే అక్కా. చెయ్యి చాపాను... అందలేదు.”

దెప్పడం కాదది. జరిగింది చెప్పాడంతే.

ఫిలిన్న లేచి నిలబడింది. “రాత్రి వీడు నన్నే పిలిచాడు. నాకు వినబడింది. వదిలేసి వచ్చాను.”

చాలాకాలం నూతి దగ్గర ఆమె పక్కన ఎవరూ కడవ దించలేదు.

గుహలో పిలుపులు మాత్రం ఆగలేదు. ఓ రాత్రి ఆడగొంతు, ఓ రాత్రి పసిగొంతు. ఫిలిన్న కాగడా పట్టుకుని దిగేది. “ఎవరది? వస్తున్నా!” అని కేకేసేది. లోపల సీళ్లు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఒక్కోసారి సోసిస్ గొంతే పిలిచేది— వాడేమో ఇంట్లో కుంటికాలు చాపుకుని గుర్రుపెడుతుండేవాడు.

అది తెలిసి కూడా దిగేది. బతికున్నన్నాళ్లూ ఒక్క పిలుపు వదల్లేదు.