చివరి గుమ్మంలో మనిషి

పొద్దున్నే కోడలు ఇల్లు దులిపింది. దులిపితే దులిపింది, మామగారి రంగుల బల్ల జోలికి వెళ్ళకుండా ఉండాల్సింది. చెల్లాచెదురుగా పడున్న ట్యూబులన్నీ తుడిచి, పెద్దవీ చిన్నవీ వేరుచేసి వరసగా పేర్చింది. పాపం, మంచికే చేసింది.

డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మామగారు కాఫీ తాగి బొమ్మ ముందు కూర్చున్నారు. అదొక పల్లెటూరి వీధి. మధ్యాహ్నపు ఎండ, మనిషి అలికిడి లేదు. ఇంప్రెషనిస్టుల పద్ధతి కదా, దగ్గరికెళ్తే అన్నీ రంగు మరకలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే వీధి. చివరి గుమ్మంలో నిలబడింది మాత్రం ఆయన భార్య. కొడుకు పెళ్ళికి ముందే పోయింది.

కూరలు తరుగుతున్న కోడలు తలెత్తి చూసి, కత్తి పక్కన పెట్టేసింది.

"మామయ్యా, అత్తయ్య చీర నీలం అన్నారు కదా. ఇటుక రంగు వేస్తున్నారేంటి?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "నా బల్ల ముట్టుకున్నావా?"

"సర్దాను. అయితే ఏమైంది?"

"ఎవరు సర్దమన్నారు నిన్ను? నీలం ఎడమచేతి మూల ఉంటుంది. ఎప్పుడూ అక్కడే ఉండాలి."

ఆయన గొంతు పెంచడం ఆమె ఎన్నడూ వినలేదు. ఒళ్ళు మండింది.

"చోటు మారితే ఏం? బ్రష్షుకి అంటిన రంగు కనిపిస్తుంది కదా?"

ఆయన బ్రష్షుని కళ్ళ దగ్గరగా తెచ్చుకుని చూశారు. అప్పుడు అర్థమైంది కోడలికి.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. అన్నీ బూడిద రంగే. మావాడితో చెప్పకమ్మా, ఆపరేషన్ అంటాడు. ఉన్న కాస్త చూపూ పోతే బొమ్మ సగంలో ఆగిపోతుంది."

"కళ్ళు పోగొట్టుకుని వెయ్యాల్సినంత బొమ్మా ఇది? గోడ మీద అత్తయ్య ఫోటో ఉంది కదా."

అనేసి నాలుక కరుచుకుంది.

ఆయనకి కోపం రాలేదు. "ఫోటోలో ముక్కూ మూతీ ఉంటాయి. నేను బడి నుంచి వస్తుంటే ఆ గుమ్మంలోంచి ఎలా తొంగి చూసేదో అందులో లేదు. మావాడు చూశాడు. నువ్వే చూడలేదు."

"నాకోసమా వేస్తున్నారు?"

"మరెవరికి? అత్తగారంటే ఎవరో నీకు తెలియొద్దూ?"

కోడలు లేచి వచ్చింది. గుడ్డ తీసుకుని, తడారని ఇటుక రంగుని మెల్లిగా తుడిచేసింది.

"రేపు ఆస్పత్రికి వెళ్దాం. నేను పక్కనే ఉంటాను."

"చూపు రాకపోతే?"

"ఎలా తొంగి చూసేవారో మీరు చెప్తూ ఉండండి, నేను వేస్తాను. వంకరటింకరగా వస్తే అత్తయ్యకి మీరే సర్దిచెప్పుకోవాలి."

మామగారు నవ్వబోయారు. నవ్వు రాలేదు. కోడలి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.