అంచు వంగిన గెలాక్సీ

అక్కను టీలో విషం కలిపి చంపారు. గూఢచారి శాఖ పెద్దాయన ఏజెంట్ ముల్లును పిలిపించింది ఆ కబురు చెప్పడానికి మాత్రమే కాదు, పని అప్పగించడానికి కూడా. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏడవడానికి వేరే గది లేదు.

"మీ అక్క ఇరవై ఏళ్ళు కొలిచిన స్టార్ మ్యాప్ ఇవాళ అంతరిక్ష నౌకలోకి అప్‌లోడ్ అవుతుంది. రేపు ఆ నౌక బయల్దేరుతుంది, ఆ తారల్ని బట్టే దారి పట్టాలి. విదేశీ ముఠా మ్యాప్ మార్చేస్తుందని సమాచారం."

"నౌకలో మనుషులున్నారా సార్?"

"తొమ్మిదిమంది. అబ్జర్వేటరీలో మన మనిషి, ఏజెంట్ నెమలి ఉంది. కోడ్ వర్డ్, 'మబ్బు పట్టిందా?'"

ముల్లు ఎలక్ట్రీషియన్ వేషంలో అబ్జర్వేటరీ కంట్రోల్ రూమ్‌కి చేరాడు. చేతి వాచీలో సిగ్నల్ జామర్. అక్క కుర్చీలో ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని నెమలి కూర్చుంది. చూపు తిప్పుకోలేనంత అందగత్తె.

"మబ్బు పట్టిందా?"

"పడితే మనకేం, పైన వెలుగే. అంతా సవ్యంగా ఉంది. టీ తాగుతావా?"

వద్దన్నాడు. తెరమీద ఒక్కో తార వెలుగు గీతగా లేచి పడుతోంది. అక్క ఇంటికొచ్చినప్పుడల్లా ఈ గీతలతోనే అతని బుర్ర తినేది.

"ఈ తారలు గుండెలా కొట్టుకుంటాయిరా. ఎంత నెమ్మదిగా కొట్టుకుంటే అంత పెద్ద దీపం. దీపం ఎంతదో తెలిస్తే ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. అలా కొలిస్తే తేలింది, మన గెలాక్సీ చదును పళ్ళెం కాదు, అంచు వంగింది. ఇంకోటి, ఇవి గుప్పున వెలుగుతాయి, నింపాదిగా తగ్గుతాయి. అచ్చం నీ కోపంలాగా."

తెరమీది తార నింపాదిగా వెలిగి గుప్పున తగ్గింది. తర్వాతదీ అంతే. దీన్ని తయారుచేసినవాడెవడో తలెత్తి ఆకాశం చూసిన పాపాన పోలేదు.

"ఇవి అక్క తారలు కావు."

నెమలి నవ్వు చెదరలేదు. చేతిలోకి మాత్రం పిస్టల్ వచ్చింది. "గుర్తుపట్టగల మనిషికి టీ నేనే ఇచ్చాను. ఇంకొకడున్నాడని ఎవరూ చెప్పలేదు."

అప్‌లోడ్ తొంభై తొమ్మిది శాతం. ముల్లు వాచీ నొక్కాడు. అంకె అక్కడే ఆగిపోయింది. తూటా భుజంలో దిగింది, అయినా పిస్టల్ లాగేసుకుని ఆమె చేతులు వెనక్కి విరిచి కట్టాడు.

"అసలు మ్యాప్ ఏది?"

"తుడిచేశాం. బ్యాకప్‌లతో సహా."

అబద్ధమైతే బాగుండుననుకున్నాడు. సర్వర్లన్నీ వెతికించాడు. అబద్ధం కాదు.

గార్డులు ఆమెను తీసుకుపోయాక పెద్దాయన వచ్చాడు. "నౌకను ఆపేశాం. తొమ్మిదిమందీ క్షేమం. మిషన్ సక్సెస్."

"అక్కది ఏం మిగిలింది సార్?"

ముల్లు అక్క కుర్చీలో కూలబడి, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చాడు. ఎంతకీ తెరిపి దొరకలేదు. చివరికి ముఖం తుడుచుకున్నాడు.

"సెలవు కావాలి సార్."

"తీసుకోవయ్యా. ఎన్నాళ్ళు?"

"ఇరవై ఏళ్ళు. మొదటి తార నుంచి మళ్ళీ కొలవాలి."

పెద్దాయన అతని నెరిసిన తల చూసి నిట్టూర్చాడు. "నీకు మిగిలిన సర్వీసే మూడేళ్ళు కదయ్యా."

"మిగతా పదిహేడూ జీతం లేని సెలవుగా రాసుకోండి."