నలభై ఏడో నంబరు బిళ్ళ

వాన తెరిపిచ్చిందనుకుని జమున కిటికీ తీసిందో లేదో, నీళ్ళు కారుతున్న గొడుగుతో ఒక మనిషి లోపలికి వచ్చేశాడు. గొడుగు మూయలేదు, చెప్పులు విడవలేదు. నేరుగా వచ్చి బల్ల మీద ఒక నవల పెట్టాడు. పెట్టాడు అనడం మర్యాద కోసమే. నిజానికి పడేశాడు.

"మీ పుస్తకం మీరు తీస్కోండ్రి. మా చెల్లె ఇగ చదవదు."

"ముందుగాల గొడుగు మూయండ్రి. నీళ్ళు పుస్తకాల మీద పడ్తున్నయ్."

అతను గొడుగు మూశాడు. అందులో ఉన్న నీళ్ళన్నీ అతని కాళ్ళ మీదే పడ్డాయి. ఇంకో రోజైతే జమున నవ్వేసేది. అతని ముఖం చూస్తే నవ్వు రాలేదు.

"మీ చెల్లె ఎవరు?"

"సంతోషి. తొమ్మిదో తరగతి. నలభై ఏడో నంబరు."

గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీ మధ్య, రేకుల కప్పు కింద ఒకే ఒక గది ఆ పిల్లల లైబ్రరీ. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు నవలల కోసం వస్తారు. గోడకు వంద మేకులున్న చెక్క పలక. పిల్లలందరికీ తలా ఒక రేకు బిళ్ళ, దాని మీద నంబరు. పుస్తకం తీసుకునేటప్పుడు తమ బిళ్ళ మేకుకు తగిలించాలి, పుస్తకం తిరిగిచ్చి బిళ్ళ తీసుకోవాలి. జమున బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి కూతురు. డిగ్రీ అయ్యాక, రెండు వేల ఐదులో ఈ పనిలో చేరేనాటికే పలక గోడ మీద ఉంది. చూడముచ్చటగా ఉందనుకుంది తప్ప, ఎక్కడి నుంచి వచ్చిన అలవాటో అడగలేదు.

"నలభై రోజులైనా పుస్తకం రాలేదు. పదిహేను రోజులే గడువు," అంది జమున. "అయినా నేనేమన్న అన్ననా? పిల్ల భయపడ్తదని బిళ్ళ గూడ నేనే తీసి లోపల పెట్టిన."

"గదే అడుగుతున్న. బిళ్ళ ఎందుకు తీసిన్రు?"

"మంచికే గదా తీసింది."

రేకుల మీద మళ్ళీ వాన మొదలైంది.

"నేను బొగ్గుబాయి కాడ, లైట్లిచ్చే ల్యాంపు రూముల పని చేస్త," అన్నాడతను. "కిందికి దిగే మనిషి బిళ్ళ మేకుకు తగిలించి లైటు తీస్కపోతడు. పైకొచ్చినంక లైటిచ్చి తన బిళ్ళ తనే తీస్కుంటడు. ఒగని బిళ్ళ ఇంకొగడు ముట్టడు. బిళ్ళ ఉన్నదంటే మనిషి కింద ఉన్నడు, వస్తడు అని. మొన్న ఫిబ్రవరిల బండ కూలింది. మా నాయిన పేరు బిక్షం. రెండు రోజులు మా అవ్వ, చెల్లె, నేను ఆ మేకు దిక్కే చూస్కుంట కూసున్నం. ఇంకా మనిషిని పైకి తేనే లేదు. ఎవరో వచ్చి బిళ్ళ తీసిన్రు."

గోడ మీది మేకుల పలక వైపు చూశాడు.

"సోమవారం మా చెల్లె గీడికొచ్చింది. మేకు ఖాళీగున్నది చూసింది. అప్పటి సంది బడికి పోతలేదు, మాట్లాడ్తలేదు."

అతను గొడుగు అక్కడే మరిచి వానలోకి వెళ్ళిపోయాడు.

జమున సొరుగులోంచి నలభై ఏడో నంబరు బిళ్ళ తీసింది. మేకుకు తగిలించడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

తరువాత ఆ నవల తెరిచింది. లారీ మీద వెళ్ళి తిరిగిరాని తండ్రిని వెతుక్కుంటూ ఊరూరూ తిరిగే పన్నెండేళ్ళ పిల్ల కథ. ఇంకా ముప్పై పేజీలు ఉన్నాయనగా బస్సు టికెట్టు గుర్తు పెట్టి ఉంది. ఆ పేజీ అంచు మెత్తబడిపోయింది. ఎన్నిసార్లు అక్కడిదాకా వచ్చి ఆగిందో సంతోషి. ముగిస్తే తెలిసిపోతుంది. ముగించనంతకాలం ఆ తండ్రి ఎక్కడో ఉన్నట్టే.

ఆ పుస్తకాన్ని జమున అలమరలో పెట్టలేదు. ఎవరికీ ఇవ్వకుండా సొరుగులో దాచింది.

*

మర్నాడు గొడుగు కోసం అతను వచ్చాడు. పేరు వీరేందర్ అని అప్పుడు తెలిసింది.

"ఇంకో పుస్తకమిస్త, తీస్కపోండ్రి," అంది జమున. "మీ చెల్లె నిన్న ఎవరితో కొట్లాడింది?"

"మాటనే లేదంటే కొట్లాటేంది?"

"ఏ పుస్తకం ఇష్టమని అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబు చెప్తరు. ఎవరితో కొట్లాడినవ్ అంటే నిజం చెప్తరు. టీచరుతో కొట్లాడినోనికి ఒకటి, తమ్మునితో కొట్లాడినదానికి ఇంకోటి. నా లెక్క అదే."

"మరి ఎవరితోని కొట్లాడనోళ్ళకు?"

జమున ఆలోచించి, దవాఖానలో దూరిన కోతి వల్ల ఊరంతా తలకిందులయ్యే నవల తీసి ఇచ్చింది. "చదువుమని చెప్పకుండ్రి. మంచం పక్కన పెట్టి ఊకోండ్రి."

వారం తిరక్కుండా వచ్చాడు. "కోతి అంబులెన్సు ఎక్కిన కాడ నవ్వింది."

"నిజంగనా?"

"పడి పడి నవ్వింది."

ఆ సాయంత్రం బస్సులో జమునకు కిటికీ పక్క సీటు దొరికింది. వాన తుంపర ముఖాన పడుతుంటే, బసంత్‌నగర్ దాకా ఉత్తినే నవ్వుకుంటూ వెళ్ళింది.

అలా ఆగస్టు గడిచింది. ఒక్కో వారం ఒక్కో నవల. అన్నదమ్ములు మాటలు మానేసినది, వంతెన కట్టే ఊరిది, సైకిలు దొంగిలించిన పిల్లది. వీరేందర్ డ్యూటీ అయిపోగానే తడిసిపోయి వచ్చేవాడు. పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవరులో పొడిగా ఉండేది. కొన్నిసార్లు కవరు పక్కన కాగితంలో చుట్టిన వేడి మిరపకాయ బజ్జీలు ఉండేవి.

"లైబ్రరీల తినొద్దు," అనేది జమున, ఒకటి తీసుకుంటూ.

"మీ చెల్లె ఏమన్నది గీ నవలకు?" అని ఒక రోజు అడిగింది జమున.

"ఆ పిల్లగాడు మొదటి పేజీలనే ఆ పిల్లకు నచ్చినవని చెప్తే అయిపోతుండె, ఉత్తగ అరవై పేజీలు తిప్పిండు అన్నది."

"చెప్పుడు అంత అల్కగనా?"

"నేనంటలేను. మా చెల్లె అంటున్నది," అని వీరేందర్ పలక మీది మేకులు లెక్కపెట్టసాగాడు.

గది ఊడ్చే సారవ్వ చీపురు ఆపి చూసేది. "బిడ్డా, చెల్లె చదువుడేమో గని, అన్న మాత్రం ఒక్క వారం తప్పుతలేడు."

"నీ పని నువ్వు చూస్కో సారవ్వా," అనేది జమున. చెవులు మాత్రం వేడెక్కేవి.

సెప్టెంబరు చివరలో ఒక రోజు, తిరిగొచ్చిన నవల అట్ట తుడుస్తూ జమున ఆగిపోయింది. పేజీ మూలన నల్లటి వేలిముద్ర. పేజీలు తిప్పింది. అంతటా ఉంది. వెనుకటి పుస్తకాలూ తీసి చూసింది. అన్నిట్లో అదే ముద్ర, చివరి పేజీ దాకా. బొగ్గూ బ్యాటరీ మురికీ పట్టిన పెద్ద బొటనవేలు.

వీరేందర్ రాగానే పుస్తకం తెరిచి ముందు పెట్టింది.

"సంతోషి బొటనవేలు గింత పెద్దగుంటదా?"

అతను తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"చెప్పుండ్రి. కోతి కాడ నవ్వింది ఎవరు?"

"నేనే."

"వంతెన కూలినప్పుడు ఏడ్చింది?"

"అదీ నేనే. మరీ అంతగనం ఏడ్వలె."

"సంతోషి?"

"ఒక్కటన్న ముట్టలె. గోడ దిక్కు తిరిగి పండుకునే ఉంటది. మంచం పక్కన పెట్టిన పుస్తకం పెట్టినట్టే ఉన్నది. దాంట్ల ఏమున్నదో చూద్దామని తెరిచిన. మీరేమో రాంగనే గంత ఆశతోటి అడిగెటోళ్ళు. లేదని చెప్పబుద్ధి కాలె."

జమునకు కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. రెండు నెలలు. ఆ పిల్ల నవ్విందని తను బస్సులో నవ్వుకున్న సాయంత్రాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ సాయంత్రాలన్నీ ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకునే ఉంది.

"బిళ్ళ మళ్ళ తగిలించిన అని అయినా చెప్పిన్రా?"

"ఇంట్ల బిళ్ళ మాటనే ఎత్తం," అన్నాడు వీరేందర్. గడప దాకా వెళ్ళి ఆగాడు. "ఇంకోటి. ఒకటో తారీఖు నుంచి నన్ను అండర్‌గ్రౌండుకు ఏస్తున్నరు. ఇగ పుస్తకాలకు వచ్చుడు కుదురుతదో లేదో."

"రాకుండ్రి," అంది జమున. అతను వెళ్ళిపోయాక చాలాసేపు ఆ వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి కూర్చుంది. చుట్టూ బోలెడంత నలుపు మిగిలింది.

*

ఆదివారం సెలవు. జమున బస్సు దిగి, వానలో అడ్రసు అడుక్కుంటూ వాళ్ళ క్వార్టరుకు వెళ్ళింది. చేతిలో పుస్తకం లేదు. వీరేందర్ డ్యూటీలో ఉన్నాడు. వాళ్ళ అవ్వ, అంటే తల్లి, పీట వేసి, ఏమీ అడగకుండా చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. సంతోషి మంచం మీద గోడకు తిరిగి ఉంది.

"సంతోషీ, తప్పు నాదే," అంది జమున. "బిళ్ళ సంగతి నాకు తెల్వదు. తెల్వకనే తీసిన. మీ అన్న చెప్పిన రోజే మళ్ళ తగిలించిన. ఇప్పటికీ మేకుకే ఉన్నది. పుస్తకం గూడ ఎవరికీ ఇయ్యలె."

తల్లి చాయ్ ఇచ్చి మళ్ళీ లోపలికి పోయింది. జమున చాయ్ సగం తాగింది.

"ఆ పిల్లకు వాళ్ళ నాయిన దొరుకుతడా?" గోడ వైపు నుంచి వచ్చింది గొంతు. ఎన్నాళ్ళుగానో వాడక బొంగురుపోయిన గొంతు. లోపల తల్లి చేతిలోని గిన్నె కింద పడింది.

దొరుకుతాడని చెప్పాలనిపించింది జమునకు. నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పను," అంది. "ఏ నవలకైనా ఆఖరు ముచ్చట నేను ఎవరికీ చెప్పను. నువ్వే చదవాలె. పక్కన కూసుంట, కావాలంటే."

సంతోషి ఇటు తిరిగింది.

*

మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు, నెల చివరి తేదీన, సాయంత్రం నాలుగున్నరకు ఒకే గొడుగు కింద ఇద్దరు వచ్చారు. గొడుగు మొత్తం సంతోషి మీదే ఉంది.

ఆ పిల్ల ముందు పలక దగ్గరికి వెళ్ళింది. బిళ్ళను తాకలేదు. నంబరు చదువుకుని, వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. జమున సొరుగులోంచి నవల తీసి ఇచ్చింది. బస్సు టికెట్టు అదే పేజీలో ఉంది.

ముప్పై పేజీలు. ఐదయింది. ఐదున్నర అయింది. వీరేందర్ గుమ్మంలో వానను చూస్తూ నిలబడ్డాడు. జమున ఒకే అట్టకు మూడుసార్లు జిగురు రాసింది.

సారవ్వ తాళంచెవులు గలగలలాడించింది. "బిడ్డా, ఆరయితున్నది. బస్సు పోతది."

"పోనియ్యి. మేకు మీద బిళ్ళ ఉన్నది గదా."

సారవ్వ పలక వైపు చూసింది. ఆమె మొగుడు కూడా బాయిలో పని చేసినవాడే. తాళంచెవులు కొంగున ముడేసుకుని మెట్ల మీద కూర్చుంది.

సంతోషి భుజాలు ఒకసారి కదిలాయి. తర్వాత ఇంకొంచెం గట్టిగా. వీరేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. జమున చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తూనే పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. చివరికి పుస్తకం మూసి, ముఖం తుడుచుకుని లేచింది.

"దొరకలె," అంది. "గని ఆ పిల్ల ఇంటికొచ్చింది."

పలక దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, తన బిళ్ళ తనే తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది.

"మేడం, ఇంకోటి ఇయ్యండ్రి. నవ్వొచ్చేది. కోతిది ఉన్నదట గదా, అన్న నిద్రల గూడ నవ్విండు."

"మీ అన్న మాట నమ్మకు," అన్నాడు వీరేందర్.

"మా అన్న మాట అంటే నీ మాటనే గదా అన్నా."

సంతోషి కోతి నవల వెతకడానికి అలమరల వెనక్కి పోయింది. వెళుతూ, అవసరం లేకపోయినా, సారవ్వను కూడా సాయానికి పిలిచింది.

వీరేందర్ జేబులోంచి కొత్త ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇయ్యాల్నే ఇచ్చిన్రు. రేపు ఫస్టు షిఫ్టుకు దిగాలె."

జమున దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని ఇప్పుడు తెలుసు.

"భయమైతుందా?"

"నాకు కాదు. అవ్వకు. చెల్లెకు." కాస్త ఆగాడు. "ఇంకెవరికన్న అయితదేమోనని అడుగుదామని వచ్చిన. మొదటి పేజీలనే చెప్పాల్సింది. ఉత్తగ రెండు నెలలు తిప్పిన."

బయట వాన సన్నబడింది. జమున సొరుగు లాగి, నంబరు వేయని రేకు బిళ్ళ ఒకటి తీసింది. పెయింటు డబ్బా మూత తెరిచి, కుంచెతో నూటొకటి అని రాసింది. పలకకు ఉన్నవి వంద మేకులే. కొత్త మేకు తెచ్చి, జిగురు డబ్బా అడుగుతో కొట్టి, దానికి ఆ బిళ్ళ తగిలించింది.

"పదహారేండ్ల లోపోళ్ళకే గదా సభ్యత్వం," అన్నాడు వీరేందర్ నెమ్మదిగా.

"అవు. మీకు పుస్తకాల కోసం కాదు." ఆమె అతని వైపు చూడలేదు, చూస్తే చెప్పలేనని. "బిళ్ళ మీరే వచ్చి తియ్యాలె. షిఫ్టు అయినంక, రోజూ. మీరొచ్చేదాక నేను తాళమెయ్య. నేనైతే దాన్ని తియ్య. ఎవ్వరిని తియ్యనియ్య."

అతను ఆ నల్లటి బొటనవేలితో ఇంకా ఆరని పెయింటు అంచును ఒకసారి తాకాడు. ముద్ర పడింది.

మర్నాడు మూడింటికి షిఫ్టు సైరన్ మోగింది. జమున ఏడో తరగతి పిల్లకు నవల ఇస్తూ, ఎవరితో కొట్లాడావని మూడుసార్లు అడిగింది. మూడున్నరయింది. నాలుగయింది. నలభై ఏడో నంబరు బిళ్ళ మళ్ళీ మేకు మీద ఉంది. ఆఖరున నూటొకటి ఉంది. నాలుగూ పదికి తడి జుట్టుతో, కళ్ళ చుట్టూ ఇంకా వదలని బొగ్గు మసితో వీరేందర్ వచ్చాడు. పలక దగ్గరికి వెళ్ళి, బిళ్ళ తీసి, బజ్జీల పొట్లంతో సహా ఆమె ముందు పెట్టాడు.

జమున ఊపిరి తీసుకుంది. "ఇయ్యాల ఎవరితో కొట్లాడిన్రు?"

"ఎవ్వరితోని లేదు," అన్నాడు. "గా బజ్జీలు సల్లారుతున్నయ్ జమునా, జల్ది తిను."

'మీరు' అనలేదని ఆమె గమనించింది. దిద్దలేదు.