ఫొటోకు గీసిన మీసం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, చెయ్యి నిదానం. దిద్దుకుని చదవండి. ఈ కథలో నాకంటే నిదానమైనవాడు ఒకడున్నాడు, అదొక్కటే నాకు ధైర్యం.

వాడి పేరు తిరుపతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన కింద చీరల షాపు, పైన వాడు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు. అక్కడ ఒక లైబ్రరీ తయారుచేస్తారు. పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రామర్లు తెచ్చుకుని వాడుకునే తయారు సరుకు. దవాఖానలు, దుకాణాలు తమ లెక్కలన్నిటికీ రోజూ ఒక వేళకు నకలు తీసి క్లౌడ్‌లో, అంటే దూరాన ఉన్న కంప్యూటర్లలో దాచుకుంటాయి. దాన్ని బ్యాకప్ అంటారు. ఏది దాచాలి, ఏ వేళకు దాచాలి అనే వివరాలు చూపించే భాగం రాయడానికి సింధూర కొత్తగా చేరింది. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన వాళ్ల అమ్మాయి.

మొదటిరోజే తిరుపతితో గొడవ.

"ఈ డిటెయిల్స్‌లో టైం ఎవరైనా మార్చుకునేలా పెట్టారేంటండీ?" అంది సింధూర.

"మార్చుకుంటే ఏమైతది?"

"ఏమీ కాదు. అదే తప్పు. అసలు షెడ్యూల్ క్లౌడ్‌లో ఉంటుంది. ఇది దాని ఫొటో. ఫొటోకు మీసం గీస్తే మనిషికి మొలుస్తుందా?"

"మొలవది. మార్చినంక క్లౌడ్‌కు అప్‌డేట్ పంపాలె. జర దిమాగ్ ఉన్నోడు పంపుతడు."

"దిమాగ్ ఉన్నవాళ్లే మర్చిపోతారు. చదవడానికి తప్ప మార్చడానికి వీల్లేకుండా తాళం వేద్దాం."

"మంచిగ జెప్పిన్రు మేడం. తాళం ఒద్దు."

ఆ పూటంతా ఆమె అతని వైపు చూడలేదు. అతను మాత్రం చూస్తూనే ఉన్నాడు.

వానలు మొదలయ్యాయి. ఆమె గొడుగు కింద సగం తడుస్తూ స్టేషన్ దాకా నడవడం అతనికి అలవాటైంది. సరూర్‌నగర్‌కు నడిచిపోవలసినవాడు ఎల్బీనగర్ మెట్రో ఎక్కేవాడు.

"మీ ఇల్లు ఇటు కాదుగా?"

"ఇటు గాలి మంచిగుంటది."

"మెట్రోలో గాలేంటి?"

"ఏసీ."

ఆమె నవ్వు దాచుకుంది. ఆ నవ్వు చూసినరోజే అతను ఇంటికెళ్లి అమ్మ రాములమ్మకు చెప్పాడు, చేసుకుంటే ఆ పిల్లనే అని. తర్వాత ఆఫీసు యజమాని వెంకట్రావుకు చెప్పాడు. ఆఫీసుకు చాయ్ తెచ్చే లింగస్వామికి కూడా చెప్పాడు. అంతమందికి చెప్పాక, చెప్పవలసింది అంతా అయిపోయినట్టే అతనికి అనిపించింది.

ఒకరోజు మెట్రోలో సింధూర కిటికీ వైపు తిరిగి అంది. "మలక్‌పేట సంబంధం వచ్చింది. శుక్రవారం సాయంత్రం అమ్మ వాళ్లకు మాట చెప్పేస్తుంది."

"అవునా," అన్నాడు తిరుపతి. ఇంకేదో అనాలని తెలుసు. అదేమిటో తేలేలోపు ఎల్బీనగర్ వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం వీళ్ల సరుకు వాడే చంపాపేట్ రక్తపరీక్షల ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. జనం వరసకట్టి ఉంటే కంప్యూటర్లు కదలడం లేదట. బ్యాకప్ నడుస్తోందట.

"బ్యాకప్ టైం తెల్లవారుజాముకు మార్చమన్నాను కదయ్యా!" అన్నాడు వెంకట్రావు.

"మార్చిన సార్."

సింధూర వచ్చి అతని స్క్రీన్ చూసింది. డిటెయిల్స్‌లో టైం మారింది. అప్‌డేట్ మాత్రం పంపలేదు.

"మీసం గీశారు," అని మెల్లగా అని, తనే పంపేసింది.

సరిగ్గా అప్పుడే కొడుకు మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని రాములమ్మ మెట్లెక్కి వచ్చింది.

"సింధూర నువ్వేనా బిడ్డా? మావోనికి నీ ముచ్చట తప్ప ఇంకోటి లేదు. మీ ఇంటికి ఎప్పుడు రావాలె మేము?"

"ఎందుకండీ?"

రాములమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఓరి నీ! పిల్లకు చెప్పలేదారా?"

చాయ్ గ్లాసులు పంచుతున్న లింగస్వామి ఆగిపోయాడు. "గదేందన్నా! నాకు చెప్పి ఎన్ని దినాలాయె!"

సింధూర మొహం ఎర్రబడింది. "చాయ్ బాబాయికి కూడా తెలుసు. ఎవరైనా ఉన్నారా అని మా అమ్మ అడిగితే లేరనే చెప్పాను. నాకు తెలిస్తే కదా!"

బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. గొడుగు కుర్చీకే ఉంది.

"నిలబడి చూస్తవేందిరా?" అంది రాములమ్మ. "ఉరుకు!"

తిరుపతి గొడుగు పట్టుకుని ఉరికాడు. తెరవాలని తోచలేదు. ఆమె వెనక మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేసరికి, స్టేషన్ మెట్ల కింద వాన తగ్గడం కోసం ఆమె నిలబడి ఉంది. అతని ఒంటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అందరికీ చెప్పిన. నీకు గూడ చెప్పినట్టే అనుకున్న."

"ఇప్పుడైనా చెప్పారా?"

ఆటోల హారన్లలో అతను గట్టిగా అరవాల్సి వచ్చింది. "నువ్వంటే నాకిష్టం! నీతోనే బతకాలని ఉంది!"

కొబ్బరిబోండాల బండివాడు తిరిగి చూశాడు.

"మరి నీ సంగతేంది?" అన్నాడు తిరుపతి, ఈసారి గొంతు తగ్గించి.

"శుక్రవారం దాకా ఆగమని అమ్మను బతిమాలింది ఎవరనుకున్నారు?"

ఫోన్ తీసింది. "అమ్మా, మలక్‌పేట వాళ్లకు వద్దని చెప్పు... ఉన్నాడు. తిరుపతి... ఊరు కాదమ్మా, మనిషే. తడిసి ముద్దయ్యాడు. తీసుకొస్తున్నా, తువ్వాలు తీసిపెట్టు."

ఇంట్లో సింధూర అమ్మ సుమిత్రమ్మ తువ్వాలు ఇచ్చింది, వేడి ఉప్మా పెట్టింది. అతని ఊరు, పని, అమ్మ సంగతులు అడిగింది. కూతురి మొహం ఒకసారి చూసుకుంది. ఇక అడగవలసింది మిగలలేదు.

"ఆదివారం మీ అమ్మగారిని రమ్మనాలి బాబూ."

"నేను చెప్త ఆంటీ."

"నువ్వొద్దు నాయనా," అంది సుమిత్రమ్మ. "నంబరివ్వు, నేనే చెప్పుకుంటా."

సోమవారం తిరుపతి ఆఫీసుకు వెళ్లగానే డిటెయిల్స్‌కు తాళం వేశాడు.

ఇది రాసింది లచ్చమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది చంపాపేట్.