నలగని ఆరు కాగితాలు

నవంబరు పదకొండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. విశ్వవిద్యాలయం వారి పరిశోధనా వారంలో రెండో రోజు. ఇంజనీరింగు భవనం కింది హాలులో పద్నాలుగో నంబరు స్టాలు దగ్గర హాజరైనవారు నలుగురు: ఒక పరిశోధక విద్యార్థి, అతని గైడు మేడమ్, ఆసుపత్రి లాండ్రీ సూపర్వైజరు, ఆ లాండ్రీలోనే పనిచేసే, ఆ సూపర్వైజరుకు స్వయానా పిన్ని. ఆ నలుగురి మధ్య, పెళ్లికొడుకులా ముస్తాబై, ఒక బండి నిలబడి ఉంది.

ప్రయోగశాలలో పుట్టిన పని బయటి మనుషులకు ఎంత పనికొచ్చిందో చూపించడం ఆ వారం ఉద్దేశం. ఈ బండి తడిబట్టలు మోయడానికి పుట్టింది. దాని అడుగున స్ప్రింగులున్నాయి. పైనున్న దుప్పట్లు తీస్తున్నకొద్దీ అడుగు మెల్లగా పైకి లేస్తుంది. తీసేవాళ్లు నడుం వంచనక్కర్లేదు. వెనక గోడ మీద పోస్టరులో పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ఇరవై నాలుగు మంది కార్మికులు. ఇరవై నాలుగు మందికీ నడుం నొప్పి తగ్గింది."

పరిశోధకుణ్ణి లాండ్రీలో అందరూ టేపు సారు అనేవాళ్లు. నాలుగు నెలలపాటు జేబులో కొలత టేపు లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. బల్ల ఎత్తు, తొట్టి లోతు, మనిషి మోచేయి ఎత్తు, అన్నీ కొలిచేవాడు. సూపర్వైజరు మోచేయి ఎత్తు నాలుగుసార్లు కొలిచాడు. సగటు తీయడానికండీ అని సంజాయిషీ చెప్పుకుంటే, అందరి సగటా, నా ఒక్కదాని సగటా అని ఆమె అడిగింది. మిషన్ల హోరు మీదుగా ఆడవాళ్లంతా నవ్వారు. ఆ మర్నాటి నుంచి వెనక తలుపు దగ్గరి గట్టు మీద అతనికోసం ఒక టీ గ్లాసు ఉండేది. ఎవరు పెడుతున్నారో ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

స్టాలు బల్ల మీద, వచ్చినవాళ్లు చూడటానికి, ఇరవై నాలుగు అభిప్రాయ పత్రాలూ ఒక ఫైలులో పెట్టి ఉన్నాయి. పేర్లు లేవు, నంబర్లే. నంబర్లు వేసింది సూపర్వైజరే కనుక ఏది ఎవరిదో ఆమెకు కంఠతా తెలుసు. ఆమె ఫైలు చేతిలోకి తీసుకుంది. చదవలేదు. దుప్పట్ల దొంతర లెక్కపెట్టేటట్టు బొటనవేలితో అంచులు ఒక్కొక్కటే వదిలింది.

లాండ్రీలో గాలికి కూడా తడి ఉంటుంది. అక్కడ రాసిన కాగితం ఏదైనా అంచులు ముడుచుకుని, ఒళ్లంతా అలలు తేలి బయటికొస్తుంది. ఆమె రోజూ సంతకాలు పెట్టే రిజిస్టర్లన్నీ అలాంటివే. ఈ ఫైలులో పద్దెనిమిది పత్రాలు అలాగే ఉన్నాయి. ఆరు మాత్రం దుకాణంలోంచి అప్పుడే తెచ్చినంత నున్నగా ఉన్నాయి. ఆ ఆరింటిలో పదిహేడో నంబరు పిన్నిది. "నొప్పి పూర్తిగా తగ్గింది. చాలా సంతృప్తి" అని ఉంది.

ఆమె తలెత్తి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపమే ఉండి ఉంటే అతను తట్టుకునేవాడు.

సరిగ్గా అప్పుడే మేడమ్, మంచి మనసుతోనే, పిన్ని వైపు తిరిగి నడుం ఇప్పుడెలా ఉందమ్మా అని అడిగారు. పిన్ని రెండు వారాలు సెలవు పెట్టి మంచం మీద ఉండి, ముందు రోజే పనిలోకి వచ్చింది. నలుగురిలోకి వస్తున్నాం కదా అని నడుముకు కట్టుకున్న బెల్టు పైకి కనబడకుండా కాస్త వదులు చేసుకుంది. ఆవిడ నోరు తెరవబోయింది.

"పిన్నీ, పద, టీ తాగొద్దాం," అంది సూపర్వైజరు. ఫైలు మూసి, యథాస్థానంలో పెట్టి, మేడమ్‌తో మర్యాదగా అంది: "కాగితాలు చాలా పొందిగ్గా పెట్టారండీ."

మేడమ్ సంతోషించారు. పొందిగ్గా అన్న ఆ ఒక్క మాట ఎవరి కోసమో టేపు సారుకు అర్థమైంది.

జరిగింది ఇదీ. పత్రాలు నింపించాల్సిన ఆఖరి రోజున డ్రయ్యరు చెడిపోయింది. తడి వైపు, అంటే ఉతికే మిషన్ల దగ్గర పనిచేసే ఆరుగురినీ రెండో షిఫ్టుకు మార్చారు. మర్నాడు పది గంటలకు ఫైలు ఇవ్వాలి. పొద్దున ఎనిమిదింటికి డిపార్టుమెంటులో కూర్చుని అతను ఆ ఆరూ నింపేశాడు. పద్దెనిమిది మంది బాగుందన్నారు, వీళ్లు మాత్రం కాదంటారా అనుకున్నాడు. అనుకోవడం తప్పు కాదు. అనుకున్నదాన్ని వాళ్లే అన్నట్టు రాయడం తప్పు. ఈ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఐదేళ్లు లెక్కలతోనే కాపురం చేసినవాడికి ఆ పూట తెలియలేదు. తెలియలేదనడం కూడా నిజం కాదు. ఒకే చేతిరాతలా కనిపించకూడదని మూడు పెన్నులు మార్చాడు. ఆ పెన్నులు గుర్తొచ్చినప్పుడల్లా అతని చెవులు వేడెక్కేవి.

బుధవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. అతను గొడుగు మరిచి, లాండ్రీ వెనక తలుపు దగ్గర నీళ్లోడుతూ నిలబడ్డాడు. గట్టు మీద గ్లాసు లేదు.

సూపర్వైజరు తలుపు తీసి పైనుంచి కిందికి చూసింది. "లోపలికి రండి. తడిబట్టలు బయట ఉంచే అలవాటు లేదు మాకు."

"మీతో ఒక విషయం చెప్పాలండీ."

"ముందు బండి తొయ్యండి. తరవాత చెబుదురుగాని."

బండి నిండా తడి దుప్పట్లు వేయించింది. ఉతికే మిషన్ల నుంచి డ్రయ్యరు దాకా ముప్ఫై అడుగులు. మధ్యలో అడ్డంగా మురుగుకాలువ, దాని మీద ఇనుప జాలీ. బండి ముందు చక్రం వెళ్లి ఆ జాలీ సందులో కూర్చుంది. అతను నెట్టాడు. రాలేదు. వెనక్కి లాగి, వంగి, ఎత్తి, ఒక్క గుంజు గుంజాడు. చక్రం సందులోంచి బయటికొచ్చింది, దానితోపాటు నడుం దగ్గర ఏదో కలుక్కుమంది. అలా మూడుసార్లు. తడి వైపు ఆరుగురూ చేతులు కట్టుకుని, సినిమా చూస్తున్నంత శ్రద్ధగా చూశారు. బండిని తను ఎప్పుడూ పొడి వైపే, ఇస్త్రీ గది నున్నటి నేల మీదే నడిపి చూశాడన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

రెండో వారానికే ఆ ఆరుగురూ బండి పక్కన పెట్టేసి పాత తొట్లే మోసుకుంటున్నారు. పిన్ని ఒక్కతే, పాపం కుర్రాడు అంత కష్టపడి చేశాడు కదా అని, ఇంకో వారం తోసింది. ఆ వారమే నడుం పట్టేసింది.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు అతను.

"నువ్వడిగితేగా నాయనా," అంది పిన్ని. "వచ్చినప్పుడల్లా మా మోచేతులు కొలిచావు. మాకు నోళ్లున్న సంగతి చూసుకోలేదు. పైగా నా పేరు మీద ఎంత తియ్యగా రాశావయ్యా. మా అమ్మాయి చెబుతుంటే, ఆ సంతృప్తేదో నాక్కూడా కాస్త పంచితే బాగుండుననిపించింది."

ఆరుగురూ నవ్వారు. కొట్టినా బాగుండుననిపించింది అతనికి. అక్కడే నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. టేపు జేబులోంచి తీయలేదు.

వాళ్లు పనిలో పడ్డాక సూపర్వైజరు అతన్ని తన గదిలోకి పిలిచింది. ఉతికి మడిచిన దుప్పట్లు కప్పుదాకా పేర్చిన చిన్న గది అది.

"ఆ ఆరూ నేనే రాశాను," అన్నాడు. "మూడు పెన్నులతో."

"పెన్నుల సంగతి నాకు తెలీదు."

"అందుకే చెబుతున్నాను."

ఆమె వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. బయట వాన రేకుల మీద దరువు వేస్తోంది.

"నా సంగతి కూడా వినండి," అంది చివరికి. "వాళ్లు బండి పక్కన పెట్టేశారని నాకు ముందే తెలుసు. పిన్నికి నడుం పట్టేసిన రోజు మీకు చెబుదామనే తలుపు దాకా వచ్చాను. పద్దెనిమిది పత్రాలు వచ్చాయండీ అని మీరు ఎంత సంబరంగా ఉన్నారో. మీ ముఖం చూసి మాట మింగేశాను. మా పిన్ని నడుం కన్నా మీ ముఖం నాకు ఎక్కువైపోయింది ఆ పూట. అప్పట్నుంచీ ఆవిడకు బెల్టు కట్టిన ప్రతిసారీ తల ఎత్తలేకపోతున్నాను."

ఆ మాటల్లో సంతోషించదగినది ఒకటుందని అతనికి తెలిసింది. సంతోషించడానికి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది.

శుక్రవారం సాయంత్రం బహుమతులిస్తారు. పద్నాలుగో స్టాలుకే మొదటిదని అప్పటికే హాలంతా చెప్పుకుంటున్నారు. అది వస్తే మరో మూడు ఆసుపత్రులు ఇదే బండి తెప్పించుకుంటాయి. నిజం చెబితే స్టాలు పోటీలోంచి తీసేస్తారు, డిగ్రీ ఏడాదికి తక్కువ కాకుండా వెనక్కి పోతుంది. అతను ఇదంతా దాచకుండా చెప్పాడు.

"ఆ ఆసుపత్రుల్లో మాత్రం జాలీలుండవా? పిన్నులుండరా?" అంది ఆమె. "మీ మేడమ్ దగ్గరికి నేను వెళ్లను. వెళ్లాల్సింది మీరు. వెళ్లకపోతే మాత్రం, ఆ తలుపు దగ్గర ఇక టీ ఉండదు."

గురువారం తొమ్మిదింటికల్లా అతను మేడమ్ గదిలో నిలబడి ఉన్నాడు. వివరించడానికి వేసుకున్న పథకాలన్నీ గుమ్మంలోనే జారిపోయాయి. మూడు వాక్యాల్లో చెప్పేశాడు. మేడమ్ కళ్లద్దాలు తీసి, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తుడుచుకున్నారు. ఫైలు చివరి పేజీలో పర్యవేక్షకురాలిగా సంతకం ఆవిడదే, మధ్య పేజీలు తెరవకుండానే పెట్టింది. ఆ సంగతి ఆవిడే అన్నారు. తిట్టలేదు. సవరణ పత్రం ఒకటి చేతికిచ్చి, శుక్రవారం ఒంటిగంటలోపు పరిశోధనా కార్యాలయంలో అందాలనీ, అధ్యయనంలో పాల్గొన్నవారో, అక్కడ పనిచేసేవారో ఒకరు సాక్షి సంతకం చేయాలనీ చెప్పారు.

ఆ పగలంతా అతను స్టాలులోనే నిలబడ్డాడు. పోస్టరులో పెద్ద అక్షరాల వాక్యం మీద తెల్లకాగితం అంటించి, దాని మీద తన చేత్తో రాశాడు: "నడుం నొప్పి తగ్గిందన్నది పద్దెనిమిది మంది మాట. మిగతా ఆరుగురినీ నేను అడగలేదు, అడిగినట్టు రాశాను. ఇప్పుడు అడిగాను. చక్రం కాలువ జాలీలో ఇరుక్కుంటోందనీ, నడుం నొప్పి పెరిగిందనీ చెప్పారు." జూనియర్లు చదివి, అతని కళ్లు తప్పించుకుని పక్క స్టాలులోకి జారుకున్నారు. ఒకరిద్దరు ఫొటో తీసుకున్నారు. అతను గోడ వైపు తిరగలేదు. ఒక పెద్దాయన మాత్రం ఆగి, చక్రం వ్యాసం ఎంత అని అడిగి, చెబితే విని, పెద్దది వెయ్యండి బాబూ అని వెళ్లిపోయాడు.

శుక్రవారం పన్నెండుంబావుకు దుప్పట్ల గదిలో ముగ్గురున్నారు. పిన్ని స్టూలు మీద కూర్చుని దిండు గలీబులు మడుస్తోంది. సూపర్వైజరు సవరణ పత్రాన్ని మొదటి అక్షరం నుంచి చదువుతోంది. "కొన్ని పత్రాలు" అని ఉన్నచోట వేలు పెట్టి ఆగింది. అతను కొట్టేసి "ఆరు పత్రాలు" అని దిద్దాడు. ఆమె తల ఊపి, చివరిదాకా చదివి, పెన్ను తీసింది. సాక్షి గడి పైన అచ్చులో ఒక వాక్యం ఉంది. దాన్ని రెండుసార్లు చదివింది. పెన్నుకు మూత పెట్టేసింది.

"నేను పెట్టను."

అతను కాగితం కోసం చెయ్యి చాచాడు. "అర్థమైందండీ. మిమ్మల్ని అడగడమే తప్పు. నా కాగితం మీద మీ పేరుండటం మీకు నామోషీగానే ఉంటుంది."

"అడక్కుండా అవతలివాళ్ల జవాబు రాసేసే అలవాటు మీకింకా పోలేదా?"

అతని చెయ్యి గాల్లోనే ఆగింది.

"అడగండి," అందామె.

"ఎందుకు పెట్టరు?"

"ఆ లైను చదవండి. పైకి."

అతను చదివాడు. "సాక్షినైన నాకూ, పై వ్యక్తికీ మధ్య వ్యక్తిగతమైన అనుబంధం ఏదీ లేదని ధ్రువీకరిస్తున్నాను."

"ఒక అబద్ధాన్ని దిద్దడానికి ఇంకో అబద్ధం కింద సంతకం పెట్టమంటారా నన్ను?" గొంతు తగ్గించింది. "నా వైపు నుంచి అది అబద్ధం. మీ వైపు సంగతి నాకు తెలీదు. ఊహించి రాసుకోను. అడుగుతున్నాను."

అతను ఆ వాక్యం వైపే చూస్తూ ఉండిపోయాడు. మూడు రోజులుగా దించిన తల అది. ఎత్తడానికి కాస్త సమయం పట్టింది.

"నా వైపు నుంచి కూడా అబద్ధమేనండీ," అన్నాడు. "ఎప్పట్నుంచి అంటే మాత్రం కచ్చితంగా చెప్పలేను. లెక్క పెట్టుకోలేదు."

"టేపు సారు లెక్క పెట్టుకోనిది కూడా ఒకటుందన్నమాట," అందామె. నవ్వబోయి, కళ్లు తుడుచుకుని, దుప్పట్ల వైపు తిరిగింది. అవి ఎలాగూ సరిగానే ఉన్నాయి; అయినా ఒకదాన్ని సర్దింది.

"ఆఫీసు ఒంటిగంటకు మూసేస్తారన్నావే అమ్మాయీ," అంది పిన్ని, చేతిలో గలీబు పక్కన పెట్టి. "ఇలా తే ఆ కాగితం. నేనూ ఆ ఇరవై నాలుగు మందిలోదాన్నేగా." కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ వాక్యం తనూ ఒకసారి చదువుకుంది. "ఈ అబ్బాయికీ నాకూ అనుబంధం ఏదీ లేదు. నా నడుం విరగ్గొట్టాడు, అంతే. ఇవాళ్టికైతే అది నికార్సయిన నిజం. రేపు మీరిద్దరూ నన్ను ఇతనికి ఏం చుట్టాన్ని చేస్తారో నాకు తెలీదు. అందుకే ఇవాళే పెట్టేస్తున్నాను."

పెన్ను అందుకుని, ఒక్కో అక్షరమూ విడివిడిగా సంతకం చేసింది. కింద తేదీ వేసింది: నవంబరు పద్నాలుగు. సిరా ఆరేదాకా ఊదింది. తరవాత కాగితాన్ని అంచుకు అంచు కలిపి సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, అరచేత్తో ఒత్తి, కవరులో పెట్టింది. ఆ కవరు అతని చేతికివ్వలేదు. ఇద్దరూ కలిసి వెళ్లి ఇచ్చి రండి అని, సూపర్వైజరు చేతిసంచిలో పెట్టి జిప్పు లాగింది.